మనసుతో తగువు

చేపలమ్మే తాతమ్మ నోటికి కళింగపట్నం బజారంతా జడిసేది. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఊరికి టూరింగు టాకీసు వచ్చింది. తెరమీద హీరోయిన్ తన మనసుతో తానే మాట్లాడుకుంటూ పాడుతుంటే, "తనతో తనకి మాటలేటి? ఎర్రిది!" అని తాతమ్మ పకపకా నవ్వింది.

ఆ వారమే, మొగుడు సూరయ్య పడవ పొద్దువాలినా తిరిగి రాలేదు. వేటకెళ్లినవాళ్ల గురించి బెంగ ఎవరితోనూ అనకూడదని వాళ్ల ఇంటి ఆనవాయితీ. నోరు కట్టుకుని ఇసుకలో కూర్చున్న తాతమ్మ చివరికి ఉండబట్టలేక అరిచింది. "ఒసే మనసా, ఏడుపాపు! ఆడొస్తాడు!"

పడవ దూరంగా ఒడ్డు చేరడంతో నడిచొచ్చిన సూరయ్య వెనకనుంచి అడిగాడు. "ఎవులితోనే తగువు?"

"నా మనసుతోటి."

"ఎవులు గెలిసేరు?"

తాతమ్మ కొంగుతో అతని తడితల తుడుస్తూ కసిరింది.

"నువ్వొచ్చినావు గదేటి, అదే ఓడిపోనాది."