పదహారో అంశం

ఈశ్వరప్ప సార్‌కు నోటీసు బోర్డంటే ప్రాణం. పెనుకొండలోని మా పీజీ సెంటర్‌కు ఆయన సూపరింటెండెంటు, నేను లైబ్రేరియన్ని. రోజూ ధర్మవరం నుంచి ప్యాసింజర్లో దిగి, సంచీ కూడా కింద పెట్టకుండా బోర్డు తలుపు తీసి, పాత కాగితాలు పీకి, కొత్తవి స్కేలు పెట్టి మరీ అతికించేవాడు. ఆ తాళంచెవి ఎవరికీ ఇచ్చేవాడు కాదు. "బోర్డులో పెట్టినామంటే ఇంగ మన మీద మాట రాదు" అనేవాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన నేర్చుకున్న సూత్రం అదొక్కటే.

2007లో యూనివర్సిటీ నుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి సెంటర్‌కూ వెబ్‌సైట్ ఉండాలి, సమాచార హక్కు చట్టం అడిగిన పదిహేడు అంశాలూ అందులో కనబడాలి. మా దగ్గర ఇంటర్నెట్ లేదు. సార్ శనివారాలు హిందూపురం వెళ్లి నెట్ సెంటర్లో కూర్చునేవాడు. టైపు మిషన్ మీద పరుగెత్తే వేళ్లు మౌసు పట్టుకుంటే దారి తప్పేవి. అయినా పట్టు వదల్లేదు.

పదహారో అంశం దగ్గర మాత్రం ఆగిపోయాడు. సమాచార అధికారి పేరు, ఫోను నంబరు అక్కడ పెట్టాలి. ఆ అధికారి ఈయనే. ఆఫీసు ఫోను నెలలో సగం రోజులు పలకదు గనక ఇంటి నంబరు పెట్టమన్నాడు ప్రిన్సిపాల్. ఇంట్లో గోవిందమ్మగారు ససేమిరా అన్నారు. ఊరూ పేరూ లేనివాళ్లు ఫోన్ చేస్తే ఇంట్లో ఉండే ఆడవాళ్లు ఎత్తాలా అని ఆమె వాదన. చట్టం ఢిల్లీలో ఉంటుంది, భార్య ఇంట్లో ఉంటుంది. "వివరాలు త్వరలో" అని పెట్టి సార్ ముందుకు పోయాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. వెబ్‌సైట్ అంటే పెద్ద నోటీసు బోర్డే కదా అనుకుని, బోర్డులో ఉన్నవన్నీ అందులోకి ఎక్కించాడు. అమ్మాయిల హాస్టల్ గదుల జాబితా కూడా ఎక్కింది. పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఫోను నంబరు, అన్నీ. ఏటా ఆ కాగితం గోడ మీద వేలాడేదే, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ గోడ మీది కాగితం చూడాలంటే మా వాచ్‌మన్‌ను దాటి మెట్లెక్కి రావాలి. ఈ తేడా ఆయనకు తట్టలేదు. పక్కన కూర్చుని పేర్లు చదివి చెప్పింది నేనే, నాకూ తట్టలేదు. నా బుద్ధి గడ్డి తినింది.

ఆ జాబితాలో పవిత్ర ఉంది. ఎమ్మెస్సీ లెక్కలు మొదటి ఏడాది, ముదిగుబ్బ అవతల పల్లె. ఇంట్లో ఫోను లేనివాళ్లు పక్కవాళ్ల నంబరు రాసి పీపీ అని పెట్టే రోజులవి. పవిత్ర పీపీ నంబరు వాళ్లూరి గంగన్న అంగడిది. జనవరిలో ఎవడో అంగడికి ఫోన్ చేసి, పవిత్ర ఉందా అని తండ్రి పేరుతో సహా అడిగాడు. మళ్లీ చేశాడు. మూడోసారికి అంగడి ముందు కూర్చున్నవాళ్లంతా పిల్లకు ఎవరో ఉన్నారని తేల్చేశారు. తండ్రి నరసప్ప మరుసటి రోజే వచ్చి, ట్రంకు పెట్టెతో సహా కూతుర్ని బస్సెక్కించుకుని పోయాడు.

సంగతి పవిత్ర గదిలో ఉండే భారతి చెప్పింది. సార్ ఆ పూటే హిందూపురం వెళ్లి జాబితా తీసేశాడు. "చించేసినా, అయిపోయింది" అన్నాడు. వారానికి అంగడికి మళ్లీ ఫోన్లు. నెట్ సెంటరాయన పవిత్ర పేరు కొట్టి వెతికి చూపించాడు. మేం తీసేసిన పేజీ నకలు ఆ వెతికే సైటువాళ్ల దగ్గర చెక్కు చెదరకుండా ఉంది. అది తీయించడానికి సార్ వాళ్లకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు, మూడు వారాలు పట్టింది. ఈలోపు పవిత్ర హాజరు తగ్గిపోతోంది. ఫిబ్రవరి ఆఖరుకు రాకపోతే హాల్ టికెట్ రాదు, ఏడాది పోయినట్టే. ఆ ఇంట్లో ఏడాది పోతే చదువే పోతుంది.

ఒక ఆదివారం సార్ నన్ను తోడు తీసుకుని ఆ పల్లెకు బయలుదేరాడు. నరసప్ప మర్యాదగానే ఇంట్లోకి రమ్మన్నాడు.

"ఇంట్లో వద్దప్పా. మాట పుట్టింది అంగడి కాడ గదా, ఆడే చెప్తా" అన్నాడు సార్.

గంగన్న అంగడి ముందు పదిమంది ఉన్నారు. సార్ నిలబడే చెప్పాడు. "ఈ పాప నంబరు కంప్యూటర్లో పెట్టింది నేను. లోకంలో ఎవుడైనా చూసి చేయొచ్చు. పాప తప్పు ఆవగింజంత కూడా లేదు. చట్టం అడగలేదు, నేనే అతి తెలివికి పోయి పెట్టినా."

నరసప్ప అడిగాడు. "మీ నంబరు యాడ పెట్టినారు సార్ దాంట్లో?"

"పెట్టలేదు."

"చట్టం అడగల్యా?"

"అడిగింది. ఇంట్లో ఆడోళ్లు ఉండారని..."

"మా ఇంట్లో లేరా సార్?"

నాకు ఏడుపొచ్చింది. పంపుతానని గానీ పంపనని గానీ చెప్పకుండా నరసప్ప గొర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు.

శనివారం దాకా ఆగకుండా సార్ మరునాడే హిందూపురం వెళ్లి పదహారో అంశం నింపాడు. పేరు, హోదా, ధర్మవరం ఇంటి నంబరు. ఆ పేజీ ప్రింటు తీసి నరసప్పకు పోస్టు చేశాడు. ఈసారి గోవిందమ్మగారు మారు మాట్లాడలేదట. అంగడి ముందు జరిగింది ఆయన ఇంట్లో అక్షరం పొల్లుపోకుండా చెప్పేశాడు మరి.

నాలుగో రోజు పొద్దున వాళ్లింట్లో ఫోన్ మోగింది. ఎత్తింది గోవిందమ్మగారే.

"నరసప్పనమ్మా, గంగన్న అంగడి నుంచి. ఈ నంబరు నిజంగా పలుకుతాదో లేదో చూద్దామని చేసినా" అన్నాడు. "పాప పది గంటల బస్సుకు వస్తాండాది. ఇంగ మీదట దాని పీపీ నంబరు మీ ఇంటిదే, సార్‌తో చెప్పండమ్మా."