బోర్డు మీద రాసిన జవాబులు

ఎం.ఫిల్.కి నేను ప్రశ్నావళి పద్ధతి ఎంచుకోవడానికి శాస్త్రీయమైన కారణమేమీ లేదు. ఇంటర్వ్యూ పద్ధతి అయితే మనుషులతో మాట్లాడాలి. ప్రశ్నావళి అయితే పోస్టులో పంపి పోస్టులో తెప్పించుకోవచ్చు. సినాప్సిస్‌లో మాత్రం "విస్తృత సమాచార సేకరణకు అనువైనది" అని రాశాను. గైడుగారు ఆ మాట కింద గీత గీసి బాగుందన్నారు. అసలు కారణం డైరీలో ఉంది.

నా విషయం గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీల్లో చదివే ఆడపిల్లలు తమ కాలేజీని ఎలా చూస్తున్నారన్నది. లెక్చరర్లతో క్లాసు బయట మాట్లాడతారా, లైబ్రరీలో తమకు కావలసిన పుస్తకం తామే అడిగి తీసుకుంటారా, సెమినార్లో నోరు విప్పుతారా, డిగ్రీ తర్వాత ఏం చేయాలనుకుంటున్నారు. మా డిపార్ట్‌మెంటు బీరువాలో ఈ ప్రాంతపు కాలేజీల మీద వచ్చిన థీసిస్‌లు ఒక అర నిండా ఉండేవి. వాటిలో భవనాలు, సిబ్బంది, పరీక్షా ఫలితాలు ఉండేవి కానీ పిల్లలు ఎక్కడా కనిపించేవారు కాదు. నేను రాజమండ్రిలో డిగ్రీ మూడేళ్ళూ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఫస్టు క్లాసులో పాసయ్యాను. నాలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారో తెలుసుకోవాలని ఉండేది.

తొంభైల చివరి సంవత్సరాలవి. నేను రాజమండ్రిలో ఇంట్లోనే ఉంటూ ఒక బి.ఎడ్. కాలేజీలో పార్ట్‌టైముగా పాఠాలు చెప్పేదాన్ని. నెలకు ఒకటి రెండుసార్లు రైలెక్కి యూనివర్సిటీకి వెళ్ళి, గైడుగారి గది బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. ఆ బెంచీ మీద ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు స్కాలర్లు ఉండేవారు. గైడుగారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, కోపం తెలియదు. మధ్యాహ్నం భోజనానికి వెళుతూ మా వైపు చూసి, పరిశోధనలో మొదటి అధ్యాయం కూర్చోవడమేనమ్మా అనేవారు. మేము లేచి నిలబడి నవ్వేవాళ్ళం. ఆ మాట ఆయన ప్రతి నెలా అనేవారు, మేము ప్రతి నెలా నవ్వేవాళ్ళం.

ప్రశ్నావళిలో నలభై వాక్యాలు పెట్టాను. ప్రతి వాక్యం పక్కన ఐదు గడులు, "పూర్తిగా అంగీకరిస్తాను" నుంచి "అసలు అంగీకరించను" వరకు. వాటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. చివర డిగ్రీ తర్వాత ఏం చేస్తారన్న ప్రశ్న, దాని కింద నాలుగు ఖాళీ గీతలు. జిరాక్స్ తీయించి, గైడుగారి ఉత్తరం జతచేసి ఐదు కాలేజీలకు పంపాను.

నాలుగు కాలేజీల నుంచి కాగితాలు వచ్చిన తీరు పుస్తకాల్లో చెప్పినట్టే ఉంది. సగం తిరిగి రాలేదు. వచ్చినవాటిలో కొన్ని మధ్యలో ఆగిపోయాయి. ఒక కాగితం మీద టీ గ్లాసు అచ్చు ఉంది. ఒక అమ్మాయి ఖాళీ గీతల దగ్గర "ఇది మీకెందుకు?" అని రాసింది. ఐదోది భీమవరం అవతల ఒక చిన్న ఊళ్ళోని మహిళా కళాశాల. అక్కడ కామర్స్ చెప్పే మేడం మా అమ్మకు దూరపు పరిచయం. ఆవిడ నేను పంపిన నూట ఇరవై కాగితాలనూ ఒక్కటి తగ్గకుండా, నీలం సిరాతో నింపించి, గుడ్డసంచిలో కుట్టి పార్సిల్ చేశారు. పైన నా పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. ఆ రోజు డైరీలో "దేవుడు పంపిన మూట" అని రాసుకున్నాను.

లెక్కించడం చేత్తోనే. పెద్ద తెల్లకాగితం మీద గడులు గీసి, ఒక్కో జవాబుకు ఒక్కో నిలువు గీత, నాలుగు గీతలయ్యాక అడ్డంగా ఐదోది. ఆ మూట విప్పి కూర్చున్న రెండో రోజుకు నా కాగితం మీద గీతలన్నీ కొన్ని గడుల్లోనే కుప్పపడి, మిగతా గడులు ఖాళీగా ఉన్నాయి. తప్పు నాదే అనుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అదే వచ్చింది. అప్పుడు కాగితాలను పక్కపక్కన పరిచాను. మొదట్లో అడిగిన తండ్రి వృత్తి, ఇంటి నుంచి కాలేజీకి దూరం తప్ప నూట ఇరవై కాగితాలూ ఒకటే కాగితం. చివరి ప్రశ్నకు అందరూ "ఉన్నత చదువులు చదివి సమాజానికి సేవ చేస్తాను" అని రాశారు. ఇరవై మూడో వాక్యం "సెమినార్లో మాట్లాడాలంటే నాకు భయం". అందరూ "అసలు అంగీకరించను" గడిలో టిక్కు పెట్టారు. ఆడపిల్లలు నూట ఇరవై మంది, ఒక్కరికీ భయం లేదు.

మేడంగారికి కృతజ్ఞతలు చెప్పే నెపంతో ఆ ఊరికి వెళ్ళాను. రావులపాలెం దాటాక బస్సు ఐస్ లారీల వెనక నెమ్మదిగా నడిచింది. ముందు లారీ నుంచి కారే నీళ్ళు రోడ్డు మీద గీతలా పడుతున్నాయి. రోడ్డుకు రెండువైపులా రొయ్యల చెరువుల్లో గాలి కలిపే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. కాలేజీ రెండంతస్తుల భవనం, కొత్తగా సున్నం వేసినట్టుంది. ఆ మధ్యే ఏదో కమిటీ తనిఖీకి వచ్చి వెళ్ళిందట. గోడల మీద ఇంకా స్వాగతం కాగితాలు ఉన్నాయి.

మేడంగారు స్టాఫ్ రూములో నాకోసం క్యారియర్ తెప్పించి ఉంచారు. రొయ్యల వేపుడు నాకే ఎక్కువ వడ్డిస్తూ, ఒక్కదానివీ ఇంత దూరం ఎందుకు వచ్చావు, ఉత్తరం రాస్తే సరిపోయేది కదా అన్నారు. కాగితాలు అన్నీ సరిగ్గా ఉన్నాయా అని ఆవిడే అడిగారు. నేను చాలా నీటుగా ఉన్నాయండి అన్నాను.

"ఉండవా మరి. వీళ్ళని వదిలేస్తే చేపల సంతే అనుకో. క్లాసు ఫస్టు పిల్లచేత ఒక కాగితం నింపించి, నేను దిద్ది, బోర్డు మీద వేసేశాను. చూసి ఎక్కించుకున్నారు. కమిటీ వచ్చినప్పుడూ అంతే చేశాం. లేకపోతే ఏ పిల్ల ఏం రాస్తుందో, నీ థీసిస్ పాడవుతుంది కదమ్మా."

ఆవిడ ముఖంలో ఎక్కడా కపటం లేదు. కమిటీ వచ్చే ముందు వారం రోజులు పిల్లలకు ఏ ప్రశ్నకు ఏ జవాబు చెప్పాలో నేర్పించారు. బయటినుంచి ఎవరు ఏ కాగితం పంపినా అది కాలేజీకి పెట్టిన పరీక్షే అని ఆవిడ నమ్మకం. నా కాగితాన్నీ అలాగే పాస్ చేయించారు. నేను మజ్జిగ అన్నం తిని, చేతులు కడుక్కుని, థాంక్సండీ అని చెప్పి లేచాను.

బస్టాండుకు దారి చూపించమని ఒక ఫైనలియర్ అమ్మాయిని తోడిచ్చారు. దారిలో ఆ అమ్మాయే అడిగింది.

"మేడం, ఆ పేపర్లు దిద్దేశారాండి?"

అది దిద్దే పేపరు కాదన్నాను.

"నాది ఇరవై మూడోది తప్పు పోయిందండి. భయమని పెట్టేశాను. మా మేడం చూసి బ్లేడుతో గీకించి మార్పించారు. మచ్చ పడిందండి. దానికేమన్నా తగ్గిస్తారేమోనని."

మార్కులేమీ తగ్గవని చెప్పాను. ఇంటికి వచ్చి వెతికితే ఆ కాగితం దొరికింది. అక్కడ కాగితం పలుచబడి, దీపం ముందు పెడితే వెలుతురు కనిపిస్తోంది.

ఆ నూట ఇరవై లేకపోతే నా దగ్గర మిగిలేవి అంతకన్నా తక్కువ. అప్పటికే ఒకసారి నా గడువు పొడిగించారు. మార్చి నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ యూనివర్సిటీ కమిటీ. బి.ఎడ్. కాలేజీవాళ్ళు జూన్ నుంచి ఎం.ఫిల్. ఉన్నవాళ్ళనే పూర్తికాలానికి తీసుకుంటామని చెప్పారు. ఆ కాగితాలు ఉంచేస్తే ఎవరికీ తెలియదు. పైగా ఫలితాలు చక్కగా వస్తాయి. మా ప్రాంతపు ఆడపిల్లలు ధైర్యవంతులని, లైబ్రరీ వాడతారని, పై చదువులు కోరుకుంటారని పట్టికలతో సహా రాయవచ్చు. ఎవరూ నొచ్చుకోరు. నేను మాత్రం ఆ పట్టికలు గీయడానికి కూర్చున్న ప్రతిసారీ లేచిపోయేదాన్ని. పది రోజులు అలా గడిచాయి.

గైడుగారితో నోటితో చెప్పలేనని తెలుసు. ఒక ఠావు నిండా రాసి తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. బయట బెంచీ మీద కూర్చుందామని తిరిగితే, ఉండమన్నారు. నా ఎదుటే చదివారు. అలవాటు చొప్పున ఒకచోట ఎర్రసిరాతో కామా పెట్టారు. చదివాక, ఇవన్నీ మామూలేనన్నారు. బీరువాలోని థీసిస్‌లలో ఎన్నింటికి కాగితాలు ఇలా వచ్చాయో తనకు తెలుసన్నారు.

"తీసేస్తే జూన్‌కి అందదు. ఆ ఉద్యోగం పోతుంది. తెలిసే అంటున్నావా?"

తెలుసండీ అన్నాను.

"సరే, తీసెయ్. ఎందుకు తీశావో మాత్రం రాయొద్దు. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ నా క్లాస్‌మేట్."

ఆ ఉద్యోగం జూన్‌లో వేరే ఆవిడకు ఇచ్చారు. నాకు ఆరు నెలల గడువు దొరికింది. ఈసారి పోస్టులో పంపలేదు. పిఠాపురంలో ఒక కాలేజీకి నేనే వెళ్ళాను. అక్కడి లెక్చరరుగారిని కాసేపు బయట ఉండమని అడగడానికి రెండు రోజులు పట్టింది. మొదటి రోజు అడగకుండానే తిరిగి వచ్చేశాను. రెండో రోజు అడిగితే ఆయన కొంచెం ముఖం ముడుచుకుని, కానివ్వండి అంటూ వెళ్ళిపోయారు. అరవై మంది పిల్లలు నా వైపు చూశారు. ఇది పరీక్ష కాదు, పేరు రాయక్కర్లేదు, మీకనిపించింది పెట్టండి అని ముందే కాగితం మీద రాసుకున్నది చదివాను. నా గొంతు ముందు బెంచీ దాటి ఉండదు. వెనకనుంచి ఒకమ్మాయి ఏది పెడితే మంచిదండీ అని అడిగింది. నాకు తెలియదమ్మా అన్నాను. క్లాసంతా నవ్వింది. తర్వాత ముప్పావుగంట ఎవరికి వాళ్ళు రాసుకున్నారు. ఆ కాగితాల్లో గీతలు అన్ని గడుల్లోనూ పడ్డాయి. ఇరవై మూడోదానికి సగానికి పైగా భయమనే పెట్టారు.

థీసిస్‌లో పద్ధతి అధ్యాయం రాసేటప్పుడు "ఒక కళాశాల నుంచి వచ్చిన ప్రశ్నావళులలో జవాబులు విద్యార్థినులవి కాకపోవడం వల్ల వాటిని విశ్లేషణకు స్వీకరించలేదు" అని రాశాను. గైడుగారు ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. కొట్టేయలేదు. వైవాకు బయటినుంచి వచ్చిన పరీక్షకుడు సరిగ్గా అక్కడే వేలు పెట్టి, మరి ఆ జవాబులు ఎవరివి అని అడిగారు. ఒక లెక్చరర్ మేడంగారివండి అన్నాను. ఆయన నవ్వి, అయితే ఆవిడని ఒక్క మనిషిగానైనా లెక్కపెట్టి ఉండాల్సిందమ్మా అన్నారు. గదిలో అందరూ నవ్వారు. గైడుగారు నవ్వలేదు, ఫైలు మూసి టీ చెప్పారు.

డిగ్రీ వచ్చిందని అమ్మ ద్వారా తెలిసి కామర్స్ మేడంగారు కార్డు రాశారు. మా పిల్లల జవాబులతో రాసిన థీసిస్ కదా, మా లైబ్రరీకి ఒక కాపీ పంపమ్మా, ఈసారి కమిటీ వస్తే చూపిస్తాం అని. మూడు వారాలు ఊరుకున్నాను. తర్వాత ఒక కాపీ బైండు చేయించి పంపాను. ఆ పేజీకి గుర్తేమీ పెట్టలేదు.

నెల తిరక్కుండా ఇన్‌లాండ్ కవరు వచ్చింది. ఆవిడ మొదటి నుంచి చివరి వరకు చదివారు. పట్టికలు అర్థం కాలేదు గానీ తెలుగు హాయిగా ఉందన్నారు. కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి.

"డెబ్బయ్యో పేజీలో ఒక కాలేజీ గురించి రాశావు. పిల్లల్ని రాయనివ్వకుండా తామే రాసేసి నీకు అంత శ్రమ కలిగించిన ఆ కాలేజీ ఏదమ్మా?"

ఆ ఉత్తరం డైరీలో పెట్టుకుని చాలా రోజులు జవాబు రాయలేదు. ఏ కాలేజీయో గుర్తులేదని రాయవచ్చు. కాలేజీ పేరు బయటపెట్టకూడదన్నది పరిశోధనా నియమమని రాయవచ్చు, అది నిజం కూడా. రెండు విధాలుగానూ చిత్తు రాసి చూసుకున్నాను. గైడుగారికి ఒక ఠావు రాశాను, పరీక్షకుడికి ఒక్క మాట చెప్పాను. వాళ్ళిద్దరూ నాకు అన్నం పెట్టినవాళ్ళు కారు.

చివరికి ఒక కార్డు మీద మీ కాలేజీయేనండి అని రాశాను. మీరు నా మంచి కోరి చేశారని నాకు తెలుసు, కానీ నాకు కావలసింది పిల్లలు రాసిందే, అది ఎలా ఉన్నా సరే, ఆ రోజు మీ ఎదుట చెప్పలేకపోయాను, క్షమించండి అని రాశాను. కార్డు నిండిపోయింది. చదువుకుంటే పంపలేనని, మళ్ళీ చదవకుండా మధ్యాహ్నం బడి వదిలే వేళకు వెళ్ళి పోస్టు డబ్బాలో వేశాను.

ఆవిడ నుంచి జవాబు రాలేదు. ఆ తర్వాత ఒక పెళ్ళిలో కలిసినప్పుడు అమ్మను పలకరించారట, నా గురించి అడగలేదట. అమ్మ కారణం అడిగింది. చెప్పాను. కార్డు మీద రాయకుండా ఉండాల్సింది, వెళ్ళి చెప్పాల్సిందని అమ్మ అంది. కాపీ మాత్రం వాళ్ళు తిప్పి పంపలేదు. లైబ్రరీలో పెట్టారో లేదో నాకు తెలియదు.