జుర్రు బాబాయి పంటి గాయం

తేయాకు గిడ్డంగిలో ఆయనను అందరూ జుర్రు బాబాయి అనేవారు. బల్ల మీద వరుసగా పేర్చిన కప్పుల్లోంచి చెంచాడేసి టీని గాలితో పాటు జుర్రున లోపలికి లాగి, నాలుక మీద తిప్పి, ఉమ్మి, దాని తరగతి తేల్చడం ఆయన ఉద్యోగం. మర్యాదగా తాగేవాడికి టీ తన గుట్టు విప్పదని ఆయన సిద్ధాంతం.

అరవై దాటాక కింది దవడ పన్ను ఒకటి పీకించుకోవలసి వచ్చింది. నడివయసులో ఇంకో పన్ను తీయించుకున్నప్పుడు వారం తిరక్కుండానే పనిలోకి వెళ్లాడు కనుక, ఈసారీ అంతే అనుకున్నాడు. గట్టిగా పీల్చవద్దన్న దంతవైద్యురాలి మాటను పెడచెవిన పెట్టి, అలవాటు తప్పిపోతుందేమోనన్న బెంగతో స్నానాలగదిలో తలుపేసుకుని సాధన చేశాడు. గాయం మీద గడ్డకట్టిన రక్తం కాస్తా ఊడివచ్చింది. సాయంత్రానికి నొప్పి చెవి దాకా పాకింది.

"తలుపేస్తే చప్పుడాగుతుందా? మీ కుళాయి పాడైందా అని పక్కింటావిడ అడిగింది," అంది భార్య.

మర్నాడు వెళ్లి చూపించుకుంటే వైద్యురాలు కోప్పడలేదు. "వయసు మళ్లాక చిగుళ్లకు రక్తం తక్కువగా అందుతుందండీ, కొత్త కణాలు పుట్టడమూ ఆలస్యమే. మానడం మాత్రం మానుతుంది. మీరు లాగిన ప్రతిసారీ కథ మొదటికొస్తుంది, అంతే."

"మానేలోగా నా చోట ఇంకొకరు నిలబడితే?"

"దానికి నా దగ్గర మందు లేదండీ."

ఆ భయమే నిజమయ్యేలా కనిపించింది. కొత్త కోత ఆకు గిడ్డంగికి చేరగానే యజమాని కబురంపాడు. బాబాయి వెళ్లేసరికి, తన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి కప్పుల పక్కన నిలబడి ఉంది.

"ఒక్క గుక్క చూడండి బాబాయ్, చాలు. కుదరదంటారా, ఇకనుంచి అమ్మాయితోనే కానిచ్చేస్తాను," అన్నాడు యజమాని.

బాబాయి చెంచా ముంచి పెదవుల దాకా తెచ్చాడు. నాలుక తనంతట తానే పన్ను లేని చోటును తడిమింది. అక్కడ ఇంకా మెత్తగా, పచ్చిగానే ఉంది. ఆయన టీని కప్పులోకి వంచి, చెంచాను వేడినీళ్లలో కడిగి అమ్మాయికి అందించాడు.

"నాకింకా మానలేదమ్మా. నువ్వు చూడు."

"మీ ముందా? సిగ్గేస్తోంది బాబాయ్."

"సిగ్గుపడితే వేడినీళ్ల రుచే తెలుస్తుంది. లాగు!"

ఆమె లాగిన లాగుడుకు యజమాని ఉలిక్కిపడ్డాడు. ఆమె కప్పు కప్పుకూ జరుగుతుంటే, బాబాయి చక్రాల ఉమ్మితొట్టిని మోకాలితో నెడుతూ ఆమె పక్కనే నడిచాడు.