ఎడమకు మారని స్టీరింగు

2022. ఎండలు ఇంకా ముదరలేదు. షార్జాలో సజ్జా ఇండస్ట్రియల్ ఏరియా, అందులో మా గ్యారేజీ. జపాన్ నుంచి వచ్చే పాత బండ్లకు స్టీరింగు కుడిపక్క ఉంటది. ఎడమ స్టీరింగు నడిచే దేశాలకు పంపాలంటే దాన్ని ఇటు మార్చాలె. ఆ పనిని ‘కన్వర్షన్’ అంటరు. డాష్‌బోర్డు మొత్తం ఊడదీసి, ఇంజనుకూ మనం కూసునే క్యాబిన్‌కూ నడుమ ఉండే ఇనుప గోడకు, అంటే ‘ఫైర్‌వాల్’కు, ఎడమ దిక్కు కొత్త బొక్క కోసి, స్టీరింగు రాడ్డు అందులోంచి దింపుతం. నేను జగిత్యాల దిక్కు మనిషిని. సజ్జాలో ‘స్టీరింగు రాజన్న’ అంటే చాలు, వాచ్‌మన్ కూడా నా షెడ్డు చూపిస్తడు. గొప్పలు అనుకుంటే అనుకోండ్రి, ఉన్న మాట చెప్తున్న.

ఓ ఆదివారం పొద్దున రికవరీ ట్రక్కు మీద బూడిద రంగు వ్యాగన్ ఒకటి దిగింది. వ్యాగన్ అంటే వెనక సామాన్లకు పొడుగ్గా జాగా ఉండే కారు. దాని వెనకే ఇంకో కారులో ఒక జంట వచ్చిన్రు. ఆమె పేరు సుజాత, దుబాయ్‌ల అల్ కుసైస్‌లో ఉంటది, ఏదో కంపెనీల అకౌంట్స్ చూస్తది. ఊరు బాపట్ల. ఆయన పేరు శ్రీధర్, చేతిలో టీ ఫ్లాస్కు.

నేను అలవాటు కొద్దీ ఆయన దిక్కు చూసి, “చెప్పండి సార్, ఏం పని?” అన్న.

“నన్నడక్కండి. మా ఇంట్లో కార్ల డిపార్ట్‌మెంట్ ఆవిడది. నాది టీ డిపార్ట్‌మెంట్,” అన్నడు ఆయన.

సుజాత నవ్వలేదు. బానెట్ మీద చెయ్యి పెట్టి, “దీన్ని ఎడమ స్టీరింగు చెయ్యాలండీ. రోడ్డుకి కాదు, రేసింగ్ ట్రాక్‌కి. ట్రాక్ డే రోజున మన సొంత బండి తోలుకోనిస్తారు కదా, అందుకు,” అన్నది.

“ట్రాక్ మీద కుడి స్టీరింగు కూడా నడుస్తది కద మేడం?”

“నడుస్తుంది. నాకే రాదు. నేను డ్రైవింగ్ నేర్చుకుందే దుబాయ్‌లో. ఎడమ చేత్తో గేరు వెయ్యాలంటే నా వల్ల కాదండీ.”

సరే, మన చేతిలో పనే కద అనుకున్న. ఫైర్‌వాల్ మీద సుద్దముక్కతో గుండ్రంగా గుర్తు గీసిన. మా ఖాన్ భాయ్ పెషావర్ మనిషి, కోతల పని ఆయనదే. గ్రైండర్ పట్టుకొని నిలబడి, “యల్లా రాజన్న భాయ్, కాట్ దూఁ?” అన్నడు, కోసెయ్యనా అని.

“ఠైరో, ఆగు,” అన్న. అమ్మిన ఏజెంటు ‘టర్బో వ్యాగన్’ అని ఒక్క ముక్క చెప్పి చేతులు దులుపుకున్నడట. బండి ఏ మాడలో తేలకుండ కోతపెట్టుడు నాకు నచ్చదు. మడ్డి తుడిచి, ఇంజను పక్కన రేకుపట్టీ మీది మాడల్ కోడ్ చదివిన. అందులో ఒక అక్షరం నేను రోజూ చూసేది కాదు. అనుమానం వచ్చింది. టర్బో అంటే ఇంజను వదిలే పొగ జోరుకు గిర్రున తిరిగి, ఇంజను లోపలికి ఎక్కువ గాలి ఊదే నత్తగుల్ల లాంటి సామాను. ఈ రకం ఇంజన్లకు అది కుడిపక్కనే ఉంటది. ఉన్నది కూడా. కానీ టార్చి వేసి, చిన్న అద్దం పట్టుకొని ఎడమ పక్క గొట్టాల కింద చూస్తే, అక్కడ ఇంకో నత్తగుల్ల!

“ఓరి నీ! ట్విన్ టర్బో!” అని అరిచిన. ఖాన్ భాయ్ గ్రైండర్ కింద పెట్టిండు.

సంబురం ఎంతసేపు? నేను సుద్దతో గీసిన గుర్తుకు ఎదురుంగనే ఆ రెండో టర్బో ఉన్నది. స్టీరింగు రాడ్డు దిగాలంటే దాన్ని పీకెయ్యాలె.

ఆమెకు అదే చెప్పిన. “మేడం, ఈ బండికి రెండు టర్బోలున్నయ్. ఎడమ స్టీరింగు గావాలంటే ఒకటి తీసెయ్యాలె. గోడ ఒకసారి కోస్తే మళ్ల అతకదు. తర్వాత నా మీద పడి ఏడ్వద్దు.”

ఆమె మొఖం వాడిపోయింది. “రెండూ ఉంటేనే కదండీ అది ఆ బండి. ఒకటి తీసేస్తే ఇంక ఉత్త సామాన్ల బండే,” అన్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. శ్రీధర్ గబగబ టీ పోసి ఆమె చేతికిచ్చిండు.

ఆ టీ తాగుకుంటనే అసలు ముచ్చట చెప్పింది. చిన్నప్పుడు ఇంట్లో కంప్యూటర్‌లో తమ్మునితో కార్ల రేసు ఆట ఆడేదట. మంచి కార్లన్నీ వాడు తీసుకొని, “నీకు సామాన్ల బండి చాల్లేవే” అని ఈ వ్యాగన్‌ను అక్కకు పడేసేవాడట. “దాంతోనే వాణ్ణి ఓడించేదాన్నండీ. రెండో టర్బో అందుకున్నాక వాడికి దొరికితేనా!”

నాకు ఎక్కడో తట్టింది. “ఆ ఆటల స్టీరింగు ఏ పక్క ఉంటుండె?”

ఆమె ఆలోచించింది. “జపాన్ కారు కదా, కుడిపక్కే.”

“గేరు ఏ చేత్తో ఏస్తుంటివి?”

“కీబోర్డులో బాణాల మీద కుడి చెయ్యి ఉండేది. గేరు మీట మాత్రం…” అని ఆగిపోయింది. తన ఎడమ చెయ్యిని తనే చూసుకున్నది. “అయ్యో రామా. ఎడమ చేత్తోనే!”

“మరింకేంది చెల్లె, ఎక్కు!” అన్న. ఆ తొందరల మేడం పోయి చెల్లె అయింది. ఆమె కూడా ఏమనుకోలేదు.

షెడ్డు వెనక మా ముదీర్‌ది, అంటే మేనేజర్‌ది, ఖాళీ యార్డు ఉన్నది. నేను పక్కన కూసున్న. మొదట్ల రెండుసార్లు గేరు కోసం కుడి చెయ్యి పోయి తలుపుకు గుద్దుకున్నది. బండి ఆగిపోయింది. “నా వల్ల కాదన్నా!” అన్నది. “చేతిని చూడకు, ముందట చూడు,” అన్న. తర్వాత ఎప్పుడు కుదిరిందో ఆమెకే తెల్వదు. సెకండ్ గేరుల ఇంజన్ గట్టిగ లాగుకుంట పోయి, నడుమ ఒక్క క్షణం డీలా పడ్డది. రెండో టర్బో అందుకునే ముందు ఈ బండ్లు అట్లనే ఊపిరి పీలుస్తయ్. ఆ వెంటనే వీపు మీద తన్నినట్టు ఉరికింది. “ఇదే! ఇదే అన్నా!” అని కేకవెట్టింది. నేనైతే సీటు గట్టిగ పట్టుకున్న.

ముదీర్ కొంచెం గునిసిండు, పెద్ద పని చేతిలోంచి పాయె అని. కానీ పని వేరే దొరికింది. ఆ రెండు టర్బోలను నడిపే సన్నటి రబ్బరు గొట్టాలు పాతవై పగిలినయ్, అన్నీ సిలికాన్‌వి మార్చినం. ఇక్కడి వేడికి పెద్ద రేడియేటరు, ఆయిల్ కూలర్, గట్టి బ్రేక్ ప్యాడ్లు వేసినం.

ట్రాక్ డే నాడు నన్నూ ఖాన్ భాయ్‌నీ పిలిచింది. ఆమె ట్రాక్ చుట్టి వచ్చి దిగేసరికి మొఖమంతా నవ్వే. అక్కడే తమ్మునికి వీడియో కాల్ చేసి, “ఒరేయ్, సామాన్ల బండి చూడరా!” అని కారంతా తిప్పి చూపించింది. అటు నుంచి పిలగాడు ఫోన్ మొఖానికి దగ్గర పెట్టుకొని కారంతా చూసిండు. తర్వాత, “అక్కా, ఆ బండి నాకిస్తావా ఒక్కసారి?” అన్నడు.

“నీకు వేరే మంచి కార్లున్నాయిగా!” అన్నది. నా కడుపు నిండింది.

బానెట్ ఎత్తితే ఫైర్‌వాల్ మీద నా సుద్ద గుర్తు ఇంకా అట్లనే ఉన్నది. గుడ్డ తీసుకొని తుడవబోతే, “ఉండనీ అన్నా,” అన్నది. ఇప్పుడు ఎవరు కన్వర్షన్ కోసం వచ్చినా, వద్దన్నా వినకుండ ముందుగాల వాళ్లను కుడి సీట్ల కూసోబెట్టి యార్డు ఒక చుట్టు తిప్పిస్త. కోసుడు ఎంతసేపు, ఖాన్ భాయ్ గ్రైండర్ ఎప్పుడూ తయారే. కొందరికి మార్చాల్సింది స్టీరింగు కాదని ఆ చెల్లె దగ్గరనే నేర్చుకున్న.