కుర్చీ మీది మూట

మా వడ్ల గోదాములో పురుగుకు మందు పెడుతున్నారని, మూడు రోజులు ఎవరూ లోపలికి పోవద్దని నాకు మొదట చెప్పింది మా చిన్నమ్మ. ఆ రోజుల్లో నాకు పదిహేనేళ్లు. నేను బడి మెట్లెక్కలేదు, నాయిన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. నాలుగు భక్తి పుస్తకాలు చదవగానే అన్నీ తెలుసుననుకునేదాన్ని (దేవుడు నన్ను ఎంత ఓపికగా భరించాడో!). సిద్దిపేటలోని ఆ గోదాములో లక్ష్మీదేవి పటం ఉండేది. పొద్దుగూకే ముందు అక్కడ దీపం పెట్టడం నా వంతు, ఒక్కనాడూ తప్పలేదు.

ఆ విషపు గోలీలు ఎవరు పడితే వారు పెట్టకూడదట. లైసెన్సు ఉన్నవాళ్లే పెట్టి, తలుపులు తెరిచేదాకా దగ్గరుండి చూసుకోవాలట. అలా వచ్చినవాడే మందు భాయి. మా చిన్నాయిన మండిపడ్డాడు. "నాలుగు గోలీలు పెట్టుటానికి సర్టిఫికెటా? నాకు రాదా ఏంది?"

"పెట్టుడు అల్కనే సేటూ, కాపలా కూసునుడే కష్టం," అని భాయి నవ్వి, తలుపు ముందు చేరాడు. చిన్నమ్మ వేసిన కుర్చీలో తువ్వాల కప్పిన మూటేదో పెట్టి, తాను మాత్రం కింద గోనెసంచి పరుచుకున్నాడు.

"అన్నం మూటకు కుర్చీ, మనిషికి సంచా భాయీ?" అని కిసుక్కున నవ్వాను.

"దాని హోదా పెద్దది బిడ్డా."

సాయంత్రం ఆయన అక్కడే నమాజుకు నిలబడ్డాడు. ఇదే అదను అనుకుని నేను దీపం పట్టుకుని పక్క తలుపు దగ్గరికి పోయి, మందు గాలి బయటికి రాకుండా సందులకు అంటించిన కాగితం గోటితో లాగాను. అది పర్రుమన్నదో లేదో, "ముట్టకు!" అంటూ భాయి ఉరికొచ్చి, నన్ను రెక్క పట్టి వాకిట్లోకి ఈడ్చేశాడు. దీపం ఎటో పడింది. ఆయన ముక్కుకు మాస్కు కట్టుకుని ఆ చిరుగు మూసి వచ్చాడు. ప్రాణం పోయేదని అప్పటికి తోచనే లేదు. నన్ను నిశ్చేష్టను చేసింది వేరే సంగతి.

"నమాజు నడుమ లేస్తరా భాయీ?"

"నీ పానం పోతే గా నమాజు నాకెట్ల సదువొస్తది? మళ్ల మొదటి నుంచి సదువుకుంట."

"మరి అమ్మవారు లోపల చీకట్లో..." అని ఏడ్చేశాను.

ఆయన కుర్చీ వైపు చేయి చూపాడు. ఆ ఉరుకులో తువ్వాల జారింది. లక్ష్మీదేవి పటం! "మందు పెట్టకముందే బయటికి తెచ్చిన. దుమ్ము పడద్దని కప్పిన. మీ చిన్నాయినకు చెప్పిన గద, చెప్పలే?" కేక విని వచ్చిన చిన్నాయిన తల గోక్కున్నాడు.

అమ్మవారిని అన్నం మూట అన్నందుకు అక్కడే లెంపలు వేసుకున్నాను. ఆయన కాళ్లూ చేతులూ కడుక్కుని నమాజుకు మళ్లీ నిలబడ్డాడు. నేను కుర్చీ ముందు దీపం వెలిగించాను.

ఇప్పటికీ అగ్గిపుల్ల గీసినప్పుడల్లా ఆ తెలివిగల పిల్ల గోరు గుర్తొచ్చి నవ్వుకుంటాను. ఈ సాయంత్రం మీరు ఏ దేవుడికి దండం పెట్టినా, నా కోసం నడుమనే లేచి వచ్చిన మా మందు భాయిని ఒక్కసారి తలుచుకోండి.