అక్క పెళ్ళికి అల్లిన కుర్చీలు

పోయిన నెల మా ఆయనా నేనూ రాజమండ్రిలో ఒక పాత సామాను కొట్టుకి వెళ్ళాం. కాకినాడలో కొత్తగా తీసుకున్న ఫ్లాట్‌లోకి కుర్చీలు కావాలి, అవి కూడా వెనకటి కాలంవే కావాలన్నది ఆయన ముచ్చట. పాత టేకూ పాలిషూ దుమ్మూ కలిసిన వాసనలో నిలబడి ఒక్కో కుర్చీ చూస్తూండగా, కొట్టాయన ఒకదాని మీద నీళ్ళు చిలకరించి గుడ్డతో తుడిచాడు. తడిసిన పేము వాసన వచ్చింది. ఎండుగడ్డి మీద మొదటి వాన పడ్డట్టుండే వాసన. నా చిన్నప్పుడు మా ఇంటి వాసన అదే.

"పూర్వపు కుర్చీ అండి. ఏ జమీందారుగారి ఇంట్లోదో" అన్నాడు కొట్టాయన. తిరగేసి చూశాను. చట్రం చుట్టూ బెజ్జాలు లేవు. మిషను మీద నేసిన పేము చాపని గాడిలో దించి, పైన బద్ద కొట్టేశారు.

"చేత్తో అల్లింది లేదా అండీ?" అని అడిగాను.

"చేత్తో అల్లేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారమ్మా" అన్నాడు.

మా ఇంట్లో ఒకాయన ఉండేవాడు. మా అమ్మ తమ్ముడు, దేవదానం మావయ్య. నాలుగేళ్ళ వయసులో తట్టు పోసి ఆయనకి చూపు పోయింది. క్రైస్తవ మిషనరీల హాస్టల్లో కుర్చీలల్లడం నేర్పారు. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో నాన్నగారు బడిపంతులు. మా పెంకుటింటి పడమటి వసారా మావయ్యది. ఆఫీసుల నుంచీ స్కూళ్ళ నుంచీ ఆసుపత్రి నుంచీ రిక్షాలకెక్కి వచ్చిన కుర్చీలు, మధ్యలో నేలంతా కనబడే ఖాళీ చట్రాలతో, అక్కడ వరసగా ఉండేవి. మేము పిల్లలం ఆ చట్రాల్లో దూరి పడవలాట ఆడేవాళ్ళం. వానాకాలంలో చూరు నీళ్ళు పడేచోట తొట్టి పెట్టి అందులో పేము బద్దలు నానేసేవాడు. ఎండాకాలంలో మేము ముంజలు తిని బంక చేతులతో వాటిని ముట్టుకుంటే వాసన పట్టి కనిపెట్టేవాడు. డిసెంబరులో క్రిస్మస్ దగ్గరపడిందంటే అమ్మా అమ్మమ్మా పెరట్లో పొయ్యి పెట్టి, బెల్లప్పాకం పొంగుతుంటే పోకుండలూ అరిసెలూ వండేవాళ్ళు. మొదటి వాయి మావయ్యకే వెళ్ళేది. ఆయన నూనె చేతులు అంగవస్త్రానికి తుడుచుకుని, మూడుసార్లు వాసన చూసుకున్నాక గానీ మళ్ళీ పేము ముట్టేవాడు కాదు. ముందు నిలువు, తర్వాత అడ్డం, ఆ తర్వాత ఐమూలగా, ఒక బెజ్జంలోంచి లాగి ఇంకో బెజ్జంలో దించి చెక్కమేకు బిగించేవాడు. కొత్త అల్లిక మీద మొదటిసారి మనిషి కూర్చున్నప్పుడు కిర్రుమంటుందనీ, ఆ చప్పుడు వింటేనే పని ఎలా కుదిరిందో తెలుస్తుందనీ చెప్పేవాడు. అందుకని అల్లడం అవగానే నన్ను కూర్చోబెట్టి, తల పక్కకి వంచి వినేవాడు.

నాకు పదకొండో ఏడు వచ్చేసరికి సుగుణక్క పెళ్ళి కుదిరింది. మా చర్చిలో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చోడానికి ఎత్తు వీపుల టేకు కుర్చీలు రెండుండేవి. అమ్మా నాన్నల పెళ్ళి కూడా వాటి మీదే జరిగింది. అల్లిక తెగి ఎన్నాళ్ళుగానో మూల పడున్న వాటిని మావయ్య అడిగి ఇంటికి తెప్పించుకున్నాడు. మూడు వారాలు ఇంకే పనీ పెట్టుకోలేదు. "పెద్దమ్మాయి కూర్చోవాలి గదా" అని, నచ్చని వరస విప్పేసి మళ్ళీ అల్లాడు. ఈసారి నన్ను మాత్రం కూర్చోనివ్వలేదు. మొదట అక్కే కూర్చోవాలని, పెళ్ళి ముందురోజు అలాగే చర్చికి పంపించాడు.

పెళ్ళినాడు పొద్దున్న మేము వెళ్ళేసరికి చర్చిలో వేదిక ముందు ఎర్ర ముఖమల్ సోఫా వేసుంది. పెళ్ళికొడుకు వాళ్ళు భీమవరం నుంచి తెప్పించారట. అమ్మ ఒక్క క్షణం దాన్ని చూసి, నా జబ్బ పట్టుకుని, "మావయ్యకి చెప్పకు. బాధపడతాడు" అంది.

మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, వినబడాలని రెండో వరసలో కూర్చున్నాడు. పక్కన నేను. అక్కా బావా కూర్చున్నారు. మావయ్య తల పక్కకి వంచాడు. అలా చాలాసేపు ఉన్నాడు.

"కూర్చున్నారా?" అన్నాడు మెల్లగా.

"కూర్చున్నారు మావయ్యా."

"మన కుర్చీల్లోనే?"

"ఆఁ" అన్నాను.

ప్రార్థన అయింది, ఉంగరాలయ్యాయి, అందరూ భోజనాలకి పందిట్లోకి వెళ్ళారు. "నన్నొకసారి ముందుకి తీసుకెళ్ళమ్మా" అన్నాడు. తీసుకెళ్ళాను. ఆయన చెయ్యి సోఫా చేతి మీద పడింది. అటూ ఇటూ నిమిరాడు. "మెత్తగా ఉంది" అన్నాడు. ఇంకోసారి నిమిరి, "మనవెక్కడ పెట్టారు?" అన్నాడు.

వేదిక పక్క గదిలో ఉన్నాయి. ఒకదాని మీద పాటల పుస్తకాలు, రెండోదాని మీద తడి కారుతున్న పూల బుట్ట. మావయ్య బుట్ట దించి, అంగవస్త్రంతో అల్లిక అంతా అంచులదాకా తుడిచాడు. తడి ఆరిందో లేదో అరచేత్తో చూసి మళ్ళీ తుడిచాడు. నేను ఏడవలేదు, ఏడుపు రాలేదు. పందిట్లో అమ్మ ఎక్కడికెళ్ళారని అడిగితే, "లోపల చల్లగా ఉందక్కా, కాసేపు కూర్చున్నాం" అన్నాడు మావయ్య.

తర్వాత నాలుగైదేళ్ళలో ఆఫీసుల్లోకి ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. వసారా ఖాళీ అయింది. మావయ్య పోయినప్పుడు నేను కాకినాడలో డిగ్రీ చదువుతున్నాను. పొద్దున్న బస్సులో వెళ్ళాను, సాయంత్రం బస్సులో వచ్చేశాను. మర్నాడు పరీక్ష రాశాను. బాగానే రాశాను.

కొట్టులో మా ఆయన అడిగిన పేము కుర్చీ వద్దన్నాను. పలకల వీపున్న టేకు బెంచీ ఒకటి తీసుకున్నాం. మా ఫ్లాట్ చూడ్డానికి సుగుణక్క వచ్చి, దాని మీద కూర్చుని టీ తాగుతుంటే, ఎందుకో ఆ పెళ్ళినాటి కుర్చీల సంగతి ఎత్తాను. ఇన్నేళ్ళలో ఎవరి దగ్గరైనా ఎత్తడం అదే మొదలు.

"ఏ కుర్చీలే?" అంది అక్క. "మాకు సోఫానే కదా వేశారు. ఫొటోల్లో ఉంది."

ఉంది నిజమే. ఇప్పుడా చర్చి లేదు, పడగొట్టి కొత్తది కట్టారు. ఆ రెండు కుర్చీలు ఏమయ్యాయో పాస్టరుగారికి కూడా తెలియదు. ఊళ్ళో మా ఇల్లు అమ్మేశాం. మావయ్య ఒక్క ఫొటోలోనూ లేడు. మావయ్య ఆ కుర్చీలు తనకోసమే అల్లడం, నేను "ఆఁ" అనడం, అవన్నీ అక్కకి చెప్పుకుంటూ వచ్చాను, ఎవరి ఇంటి సంగతో చెబుతున్నట్టు.

అక్క చేతిలో టీ మీద మీగడ కట్టింది.

"మావయ్యకి తెలిసిందా?" అంది చివరికి.

"తెలిసింది" అన్నాను.