రెండు అంచుల సముద్రం

సముద్రం ఎట్లా ఉంటుందో ఎన్నడూ చూడని మా నాయన ఈ రోజు ధర్మవరంలో కూర్చుని సముద్రాన్ని గీశాడు.

కాకినాడలో పనిచేసే మా బావ స్నేహితులతో కలిసి తెరచాప పడవలో మచిలీపట్నం దాకా పోవాలనుకున్నాడు. దారికి సముద్రపు పటం కావాలి. కొత్తది కొనే స్తోమత వాళ్లకు లేదు. ఎవరినో బతిమాలి పాతదొకటి మా ఇంటికి తెచ్చాడు గానీ, సాయంత్రం రైలుకే దాన్ని తిరిగి తీసుకుపోవాలి. నకలు లేకపోతే ప్రయాణమే లేదు.

నాయన గళ్ల కాగితం మీద చీరల అంచులకు డిజైన్లు గీస్తాడు. ఆ గళ్ల కాగితమే పరిచి, గడి తర్వాత గడిగా తీరం వంపులు, ఇసుక మేటలు, నీటి లోతు అంకెలు అన్నీ దించాడు. బావ రెండూ పక్కపక్కన పెట్టి తప్పులు వెతికాడు. ఒక్క అంకె తప్పలేదు. కానీ కుడివైపు, ఉత్త నీళ్లుండాల్సిన చోట, అదే తీరం అద్దంలో చూసినట్టు మళ్లీ ఉంది!

“మామా, ఆ పక్క గట్టు లేదు. అంతా సముద్రమే ఉండాది.”

“ఒక పక్కే అంచుంటే చీర ఎవురు కొంటారప్పా?” అన్నాడు నాయన.

బావ పడీపడీ నవ్వి, లేని తీరాన్ని కత్తెరతో కత్తిరించి, అసలునూ నకలునూ చుట్టి చంకన పెట్టుకుని రైలెక్కాడు. ఆ పడవ మా నాయన గీతలు చూసుకుంటూ పోతుందంటే నా కాళ్లు నేలమీద ఆనడం లేదు.

స్టేషను నుంచి నేను తిరిగొచ్చేసరికి, కత్తిరించిన ముక్క మగ్గం పక్క గోడకు అంటించి ఉంది. కొత్త చీరకు అదే అంచట. పేరు మాత్రం తోచడం లేదంటున్నాడు. ఏం పెడదామో మీరే చెప్పండి.